తలుపు వీణ

గజపతినగరం దగ్గర మా ఊళ్లో తాతగారి పెంకుటిల్లు విప్పించిన రోజు, దూలాలు ఎవరికి, పెంకులు ఎవరికి అని బేరాలన్నీ అయిపోయాక వీధి తలుపు ఒక్కటి మిగిలిపోయింది. "అడుగున చెద పట్టింది బాబూ, పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు" అన్నాడు మేస్త్రి. చెద పట్టిన మాట నిజమే, కింద జానెడు మేర. మిగిలినదాన్ని తాళంచెవితో గీరి చూశాను. ఏళ్ల తరబడి పేరుకున్న ఆముదం జిడ్డు, మసి, రంగు పొరల కింద పసుపు కొమ్ము విరిచినట్టు చెక్క బయటపడింది. పనస. వీణలు చేసే చెక్క.

రెండు రెక్కలూ ట్రాలీ ఆటోలో వేయించుకుని విజయనగరం తెచ్చాను. బాడుగ 700 రూపాయలు. అమ్మ వీధిలోకి వచ్చి తలుపునీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఉన్న ఇంటికి తలుపులున్నాయి కదరా?"

"వీణ చేస్తానమ్మా."

అమ్మ ఇంకేమీ అడగలేదు. యాభై రెండేళ్ల కొడుకు అలా అన్నప్పుడు ఏ తల్లి అయినా చేసే పనే చేసింది, లోపలికి వెళ్లి అక్కయ్యకు ఫోను చేసింది.

నిజానికి నేను చేద్దామనుకున్నది వీణ కాదు. చిన్నప్పుడు మూడేళ్లు వీణ నేర్చుకుని, పదో తరగతి పరీక్షల పేరు చెప్పి మానేసినవాణ్ని కాబట్టి దాన్ని చేయడం ఎంత కష్టమో ఆ మాత్రం తెలుసు. దండి, అంటే వీణ పొడవాటి మెడ మీద మైనపు గట్టు పోసి 24 మెట్లు ఒక్కొక్కటీ చెవితో చూసుకుంటూ నిలబెట్టాలి. ఒక్క మెట్టు వెంట్రుకవాసి జరిగితే ఆ స్వరం జీవితాంతం అపస్వరమే. అందుకని నా కన్ను గోటువాద్యం మీద పడింది. చిత్రవీణ అని కూడా అంటారు. దానికి మెట్లే ఉండవు. నేల మీద పెట్టుకుని, కుడిచేత్తో మీటుతూ, ఎడమచేత్తో నున్నటి కర్రముక్కనో కొమ్ముముక్కనో తీగల మీద జారుస్తూ వాయిస్తారు. తప్పు వస్తే అది వాయించేవాడి తప్పు, చేసినవాడిది కాదు. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. ఆ రెండూ నేనే అవుతానన్న సంగతి అప్పటికి తట్టలేదు.

అసలు గోటువాద్యానికి 21 తీగలు. వాయించేవి ఆరు, తాళం తీగలు మూడు, వాటి కింద ఎవరూ ముట్టుకోకుండానే పలికే అనునాద తీగలు పన్నెండు. నేను వాయించేవి నాలుగు, కింద అయిదు చాలనుకున్నాను. వీణకుండే గుండ్రటి కుండ తొలిచే నైపుణ్యం లేదు కాబట్టి ఆకారం పెట్టె. పొడవు 95 సెంటీమీటర్లు, ఒక కొన 20, రెండో కొన 14 వెడల్పు, లోతు 8. కాగితం మీద గీసి చూసుకుంటే వాద్యంలా లేదు, పాము బుట్టకు పొడుగు సంచి తొడిగినట్టుంది.

మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం బొబ్బిలి బస్సెక్కి గొల్లపల్లి వెళ్లాను. బొబ్బిలి వీణలు తయారయ్యేది అక్కడే. వాటి ప్రత్యేకత ఏకాండం. కుండా దండీ వేరువేరుగా చేసి అతకరు, ఒకే పనస దుంగలోంచి మొత్తం తొలుస్తారు. అక్కడ ఒక చేత్తో ఉలి ఆడిస్తూ, రెండో చేతి వేళ్లను కుండ వెనక ఆనించి మందం కొలుస్తున్న ఆయన్ని గంటసేపు చూశాను. కొలబద్ద లేదు. మధ్య మధ్య మెటికతో తట్టి, తల కాస్త వంచి వినడం, మళ్లీ ఉలి. ఏమైనా అడుగుదామని వెళ్లి, ఏం అడగాలో తెలియక టీ తాగి వచ్చేశాను. కానీ ఆ తట్టడం మనసులో ఉండిపోయింది.

ధైర్యం మాత్రం మరోచోట దొరికింది. కిన్నెర మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆయన చేతిలోని పన్నెండు మెట్ల కిన్నెరను టీవీలో మొదటిసారి పరికించి చూశాను. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మైనం. అంగట్లో కొన్నదేదీ పెద్దగా కనిపించలేదు. దేశానికి వినిపించడానికి ఆ బుర్రలు చాలినప్పుడు, మా వీధికి వినిపించడానికి నా తలుపు చాలదా?

తలుపు మొదట పగ తీర్చుకుంది. ఆ రెక్కల్లో ఎన్ని మేకులున్నాయో మా తాతకు కూడా తెలిసి ఉండదు. పండగ తోరణాలకు కొట్టినవి, గడప పూజకు కొట్టినవి, ఎందుకు కొట్టారో తెలియనివి. పైకి కనిపించినవి లాగేశాను. లోపలే విరిగిపోయిన ఒక మేకుకు తగిలి కొత్త రంపం మూడు పళ్లు రాల్చుకుంది. పక్కవీధి వడ్రంగి మావయ్య, చేతులు వణుకుతాయని పని మానేసి నాలుగేళ్లయింది, ఆ రంపాన్ని చూసి చాలా సేపు నవ్వారు. "పాత కర్ర కోసే ముందు దాని కడుపులో ఏముందో చూసుకోవాలి బాబూ" అని, ఇంట్లోకి వెళ్లి పాడైన స్పీకరు వెనకుండే గుండ్రటి అయస్కాంతం తెచ్చి ఇచ్చారు. దాన్ని దారానికి కట్టి చెక్క మీద మెల్లగా జరిపితే, మేకున్న చోట దారం వాలుతుంది. ఆ సాయంత్రం ఒక్కటే 41 మేకులు తీశాను.

ఇంకో వింత కూడా కనిపించింది. పై గొళ్లెం పక్కన చిటికెన వేలు పట్టే గుండ్రటి రంధ్రం. బరమాతో వేసినంత శుభ్రంగా ఉంది. గండు తుమ్మెద తొలిచిన గూడు అది. లోపలికి వెళ్లాక చెక్క పొడవునా మలుపు తిరిగి ఉంది. ఆ ముక్కను పక్కన దాచాను.

మూడున్నర సెంటీమీటర్ల మందమున్న పలకలను కోత మిల్లులో నిలువునా చీల్పించాను. మిల్లువాళ్లు మేకు ఉంటే బ్లేడు ఖర్చు నాదే అని ముందే చెప్పారు. బ్లేడు పలకలోకి దిగుతున్న ఆ పది నిమిషాలూ నేను అటు తిరిగి నిలబడ్డాను. మేకు లేదు. పనస పొట్టు పసుపులా కుప్ప పడింది. వెనక పలకకు 8 మిల్లీమీటర్లు, పక్కలకు 6 మిల్లీమీటర్ల బద్దలు వచ్చాయి.

పై పలక సంగతి వేరు. తీగల కదలికను గాలికి అందించేది అదే కాబట్టి తేలికగా ఉండాలి, అదే సమయంలో తీగల బరువుకు కుంగకూడదు. పనస పలకే వేసుకోవచ్చు, వీణవాళ్లు అదే వేస్తారు. కానీ తలుపులో అంత వెడల్పున మచ్చలేని ముక్క మిగల్లేదు. గిటార్లకు, వయొలిన్లకు పైన స్ప్రూస్ అనే, పైన్‌కు దగ్గరి జాతి చెక్క వాడతారని తెలుసు. అది ఎక్కడ తెచ్చేది? గాజువాక ఆటోనగర్‌లో యంత్రాలు వచ్చే పెట్టెల చెక్క అమ్ముతారని ఆఫీసులో ఒకరు చెప్పారు. వెళ్లి చూస్తే కొండలా పోసి ఉంది, అన్నీ విదేశాల పైన్ చెక్కలే.

ఇక్కడ ఒక్క మాట, ఎవరైనా ఇలాంటి చెక్క తెచ్చుకునేట్టయితే. ఆ బల్లల మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. దేశాలు దాటే చెక్కలో పురుగు ఉండకూడదన్న అంతర్జాతీయ నిబంధన ప్రకారం వేసే ముద్ర అది. అందులో హెచ్‌టీ అని ఉంటే వేడి చేసిన చెక్క, అంటే చెక్క నడిమి దాకా 56 డిగ్రీల వేడి అరగంటపాటు తగిలించినది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. రెండోది ఎంత బాగున్నా వదిలేయండి. చిత్రిక పడుతున్నంతసేపూ ఆ పొట్టు మన ముక్కులోకే పోతుంది.

గీతలు దగ్గర దగ్గరగా, నిటారుగా ఉన్న నాలుగు బల్లలు ఏరుకున్నాను. 200 రూపాయలు. అటక మీద పెట్టి ప్రతి ఆదివారం వంటింటి కాటా మీద తూచాను. ఒక బల్ల మొదటి వారం 612 గ్రాములుంది, ఆరో వారానికి 548కి దిగి అక్కడ ఆగిపోయింది. తేమ పోయిందని అర్థం. ఆ కాటా మీద మళ్లీ పప్పు తూచనివ్వనని అమ్మ అంది, తూచింది.

రెండు బల్లలను అంచులు కలిపి ఒక పలక చేయాలి. అంచులు ఆనించి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే మధ్యలో వెలుతురు గీత కనిపించకూడదు. నాకు కనిపించింది. చిత్రిక పట్టాను, గీత ఇటు మూసుకుని అటు తెరుచుకుంది. మళ్లీ పట్టాను. మూడు సాయంత్రాలు గడిచేసరికి 20 సెంటీమీటర్లు రావలసిన పలక 19కి వచ్చింది, కాగితం మీది కొలతలన్నీ మార్చుకున్నాను. వడ్రంగి మావయ్య గోడ అవతలి నుంచి చూస్తూ, "ఇంకో నాలుగు రోజులు ఇలాగే పడితే అగ్గిపుల్ల మిగులుతుంది" అన్నారు. చివరికి ఆయనే వచ్చి, వణికే చేతులతోనే, చిత్రిక మీద రెండు చేతుల బరువూ ఆనించి ఒక్క పట్టు పట్టారు. కొన నుంచి కొన దాకా తెగకుండా సన్నటి రిబ్బను లేచింది. గీత మాయమైంది. చిత్రిక పట్టుకున్నంతసేపూ ఆ చేతులు వణకలేదు.

జిగురు విషయంలో ఇద్దరికీ వాదన జరిగింది. నేను ఫెవికాల్ అన్నాను. ఆయన వజ్రం అన్నారు. పేరు విని మోసపోకండి, అది తోళ్లూ ఎముకలూ కాచి తీసే పాతకాలపు జిగురు. నీళ్లలో నానబెట్టి, గిన్నెలో గిన్నె పెట్టి, మరగనివ్వకుండా వేడి చేసి పూయాలి. రేపు పలక విప్పవలసి వస్తే ఫెవికాల్ చెక్కతో సహా ఊడుతుంది, వజ్రం అయితే వేడినీటి కత్తికి లొంగుతుంది అన్నది ఆయన వాదం. విప్పవలసిన అవసరం నాకెందుకు వస్తుందని మనసులో అనుకున్నా, పెద్దాయన మాట తీసేయలేక సరే అన్నాను. ఆ జిగురు వంటింటి గడప తొక్కడానికి వీల్లేదని అమ్మ తీర్పు చెప్పింది. పెరట్లో మూడు ఇటుకల పొయ్యి మీద కాచాను. పక్కింటివాళ్లు రెండుసార్లు వచ్చి ఏదైనా చచ్చిందేమో చూడమన్నారు. జిగురు ఆరేదాకా ముక్కలను బిగించి ఉంచడానికి క్లాంపులు కొనలేదు. సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి చుట్టాను, గుండ్రంగా ఉన్నచోట అదే బాగా పట్టుకుంటుంది.

పలకను పల్చన చేయడం గురించి ఎంత చెప్పినా తక్కువే. 12 మిల్లీమీటర్ల నుంచి 4 దాకా చిత్రికతో సులభంగానే దిగాను. ఆ తర్వాత భయం మొదలైంది. గొల్లపల్లిలో చూసినట్టు పలక అంచును రెండు వేళ్లతో వేలాడదీసి మెటికతో తట్టేవాణ్ని. 6 మిల్లీమీటర్ల దగ్గర టక్కుమంది, బల్ల మీద తట్టినట్టు. 4 దగ్గర ఆ టక్కు వెనక ఏదో కొంచెం సాగింది. మూడున్నరకు వచ్చేసరికి, తట్టాక కూడా వేళ్లకు వణుకు తెలిసింది. అక్కడే ఆగాలి. నేను ఇంకొంచెం చూద్దామని ఒక ముడి ఉన్నచోట గరుకు కాగితం బదులు చిత్రిక పెట్టాను. ముడి ఊడి గదిలో ఎక్కడో పడింది. పలకలో పావలా బిళ్లంత కన్నం.

ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు గుర్తొచ్చింది, పక్కన దాచిన తుమ్మెద ముక్క. కన్నాన్ని గుండ్రంగా పెద్దది చేసి, తుమ్మెద రంధ్రం సరిగ్గా మధ్యకు వచ్చేలా ఆ పనస ముక్కను బిళ్లగా కోసి అందులో పొదిగాను. లేత చెక్కలో పసుపు బిళ్ల, దాని మధ్యలో చీకటి చుక్క. లోపలి గాలి బయటికి రావడానికి ఎలాగూ రంధ్రాలు కావాలి. మిగతా రెండూ బరమాతో నేనే వేశాను, వాటికి ఆ అందం రాలేదు.

వాయించే నాలుగు తీగల బిగింపుకు పాత గిటారు నుంచి తీసిన మరలు దొరికాయి. కింది అయిదు అనునాద తీగలకు ఏం చేయాలన్నది సమస్య. తీగ చుట్టి తిప్పే చెక్క బిరడాలు చెక్కితే కోణం కుదరక జారిపోతున్నాయి. సైకిల్ షాపు ముందు పంక్చరు వేయించుకుంటూ కూర్చున్నప్పుడు సమాధానం దొరికింది. ఎదురుగా అతను చక్రం వంకర తీస్తున్నాడు, పుల్ల కొసనున్న నిపుల్ అనే చిన్న నట్టు తిప్పితే పుల్ల బిగుస్తోంది. తీగ కూడా అంతే కదా? లెక్క వేసి చూశాను. 70 సెంటీమీటర్ల పొడవు, 0.28 మిల్లీమీటర్ల ఉక్కు తీగ శృతికి వచ్చేసరికి సాగేది రెండు మిల్లీమీటర్లు, అంతకు కాస్త ఎక్కువ. పుల్ల చివర మర పొడవు ఒక సెంటీమీటరు ఉంటుంది. కావలసినదానికంటే ఎక్కువే. అయిదు పాత పుల్లలు, వాటి నిపుల్స్, తిప్పే తాళం, అన్నీ కలిపి 60 రూపాయలు. పుల్ల వంపుకు తీగ కట్టి, రెండో కొనను ఇనుప పట్టీలోంచి దూర్చి నిపుల్ బిగించాను. ఈ వాద్యంలో నేను గర్వపడే భాగం ఏదైనా ఉంటే అదే. సంగీతం తెలిసినవాళ్లెవరూ దానివైపు చూడరు, సైకిల్ మెకానిక్కులు చూస్తారు.

శ్రావణమాసంలో తీగలు కట్టాను. శృతి రెండు కట్టె, అంటే వాయించే మొదటి తీగ సారణి సెకనుకు 147 కంపనాల దగ్గర. 80 సెంటీమీటర్ల పొడవున 0.40 మిల్లీమీటర్ల తీగను అక్కడికి తేవడానికి అయిదు కిలోలకు పైగా లాగాలి. తొమ్మిది తీగలూ కలిపితే 40 కిలోలకు కొంచెం తక్కువ. ఈ లెక్క కూడా ముందే వేశాను. కానీ లెక్క వేయడం వేరు, ఆ పలుచటి పెట్టె మీద మా మేనల్లుడు ఎక్కి కూర్చున్నట్టే కదా అని ఊహించుకోవడం వేరు. అది నేను చేయలేదు.

రాత్రి రెండు గంటలకు హాల్లో ఫట్‌మని చప్పుడు. దొంగలనుకుని అమ్మ లేచింది. లైటు వేసి చూస్తే తోకవైపు పలక అంచు లేచిపోయి, తీగలన్నీ ఎండిన పొట్లపాదులా వదులై వేలాడుతున్నాయి. పలక మధ్యలో గోకర్ణంలా చిన్న గుంట. లోపల అడ్డపట్టీలు రెండు వేశాను గానీ, నిలువునా ఏమీ వేయలేదు. తోక దగ్గర తీగల లాగుడంతా పై పలక జిగురు మీదే పడింది.

వడ్రంగి మావయ్య ఏమీ అనలేదు. వేడినీళ్లలో ముంచిన కూరగాయల కత్తి నా చేతికిచ్చారు, అంతే. వజ్రం మెల్లగా లొంగింది, అరగంటలో పలక చెక్కు చెదరకుండా చేతికి వచ్చింది. ఫెవికాల్ అయి ఉంటే ఈ అనుభవం ఇక్కడితో ముగిసేది. ఈసారి తోకలో నిండు పనస దిమ్మ పెట్టి, తీగలు కట్టే పట్టీని దాని వెనక్కి వంచి, మరమేకులతో వెనక పలకలోకి దించాను. పై పలక కింద నిలువునా ఒక సన్నటి పట్టీ. మళ్లీ అంటించి, మూడు వారాలు ఆరనిచ్చాను. వానల్లో వజ్రం త్వరగా ఆరదు.

రెండోసారి ఏదీ ఊడలేదు. సారణి మీటాను. అట్టపెట్టెకు రబ్బరు బ్యాండు చుట్టి లాగినట్టుంది.

అయిదు నెలల పని. నాలుగు తీగలూ మీటాను, నాలుగు రబ్బరు బ్యాండ్లు. అమ్మ వంటింట్లోంచి, "ఇంకా పూర్తి కాలేదా?" అని అడిగింది. ఆవిడ ఉద్దేశం మంచిదే.

తప్పంతా గుర్రంలో ఉంది. తీగలు ఎక్కి కూర్చునే వంతెనను వీణవాళ్లు అలా అంటారు. నేను చేసింది గిటారు మాదిరి సన్నటి అంచున్న గుర్రం. మన వీణకు, తంబురాకు అలా ఉండదు. పైన బొటనవేలంత వెడల్పున, కనీ కనిపించని వంపుతో తలం ఉంటుంది. తీగ ఊగినప్పుడల్లా ఆ వంపును తాకుతూ విడుస్తూ ఉంటుంది. ఆ తాకిడిలోంచే సన్నటి పై స్వరాలు పుడతాయి. సి.వి. రామన్ 1921లో దీని మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. తీగను ఫలానా చోట మీటితే ఫలానా పై స్వరాలు పలకకూడదని పడమటి శాస్త్రం చెబుతుంటే, మన వీణలోనూ తంబురాలోనూ అవి స్పష్టంగా పలుకుతున్నాయనీ, అందుకు కారణం ఈ గుర్రపు వంపేననీ చూపించారు. రామన్ బడి చదువు సాగింది మాకు 60 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నంలోనే. వాళ్ల నాన్నగారు అక్కడ ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారు.

తలుపు గొళ్లెం ఇత్తడిది. దాన్ని సాగగొట్టించి, మూడు సెంటీమీటర్ల వెడల్పు రేకు చేయించి, పనస గుర్రం నెత్తిన బిగించాను. ఇక ఆకురాయి పని. దీపం మసి రేకు మీద పట్టించి, తీగ కట్టి మీటి, మళ్లీ తీసి చూస్తే తీగ తాకినచోట మసి పోయి మెరిసే గీత కనిపిస్తుంది. గీత ముందు అంచుకు చేరిపోతే వంపు చాలలేదు, తీగ రేకు మీద పడుకుంటోంది, కందిరీగను డబ్బాలో పెట్టినట్టు మోగుతుంది. గీత వెనకెక్కడో చుక్కలా ఉంటే వంపు ఎక్కువైంది, మళ్లీ రబ్బరు బ్యాండు. కావలసినది ఈ రెంటి మధ్య ఒకచోట ఉంది. అక్కడికి వెళ్లడానికి ఆకురాయి రెండుసార్లు జరపాలి, మూడోసారి జరిపితే దాటిపోతాం. నేను పదకొండు సాయంత్రాలు దాటిపోతూనే ఉన్నాను. రేకు పల్చనైపోయి ఇంకొకటి చేయించాను, ఈసారి గొళ్లెం రెండో సగంతో. మూడో రేకుకు తలుపులో ఇత్తడి లేదు.

పన్నెండో సాయంత్రం ఆకురాయి పక్కన పెట్టి, గరుకు కాగితంలో అన్నిటికంటే నున్నటిదాన్ని చెక్కముక్కకు చుట్టి, రేకు ముందు అంచున మాత్రం అయిదుసార్లు తుడిచాను. తీగ కట్టి మీటాను. రబ్బరు లేదు, కందిరీగ లేదు. షడ్జం పలికి, అది తగ్గుతుండగా దాని లోపలి నుంచి ఇంకొకటి సన్నగా లేచింది. తర్వాత మంద్ర తీగ కింద అమ్మ కుట్టుపని డబ్బాలోని తెల్ల నూలు పోగు ఒకటి దూర్చాను, తంబురాకు జీవాళి పెట్టినట్టు. పోగును గోటితో వెంట్రుకవాసి వెనక్కి జరుపుతూ మీటుతున్నాను. ఏమీ లేదు, ఏమీ లేదు, ఇంకొంచెం జరిపాను, తీగ ఒక్కసారిగా జుమ్మని విచ్చుకుంది. చేయి తీసేశాను. ముట్టుకోని అయిదు తీగలూ అడుగున మెల్లగా పలుకుతూనే ఉన్నాయి. వంటింట్లో గరిట చప్పుడు ఆగింది.

మీది తీగల మీద జార్చడానికి పాత నీళ్ల మోటారులోని బుష్ అనే ఇత్తడి గొట్టం ముక్క బాగా కుదిరింది. బరువుంది, నున్నగా ఉంది. అదే లేకపోతే మందులసీసా అయినా పనికొచ్చేది. జార్చడం నేర్చుకుంటున్నాను. మెట్లు లేకపోవడంలోని సుఖం ఏమిటో ఇప్పుడు పూర్తిగా తెలిసింది. మోహనం ఆరోహణలో గాంధారం ప్రతిసారీ వేరే ఊళ్లో దిగుతుంది.

మా విజయనగరంలో 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలుగా మొదలైన సంగీత కళాశాల ఉంది కాబట్టి, వాద్యం ఏదైనా చేశామంటే చూపించడానికి మనుషులకు లోటు లేదు. దాచడమే కష్టం. వీణ చెప్పి రిటైరైన మేడమ్‌గారు ఒకరు మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. దీపావళి మర్నాడు దీన్ని దుప్పట్లో చుట్టి తీసుకెళ్లాను. ఆవిడ ముందు బరువు చూశారు. తర్వాత తిరగేసి, మేకుల రంధ్రాలను వేలితో తడిమారు. మీటి, కళ్లు మూసుకుని, బుష్‌ను శుద్ధ మధ్యమం దగ్గరికి జార్చి ఆగిపోయారు.

"ఇక్కడ ఏం చేశావు నాయనా? ఈ ఒక్క స్వరాన్ని మింగేస్తోంది."

నిజమే. మధ్యమం దగ్గర మాత్రం తీగ ఒక్కసారి గట్టిగా అరిచి వెంటనే చచ్చిపోతుంది. పెట్టె తన సొంత స్వరం కూడా సరిగ్గా అక్కడే ఉంటే ఇలా అవుతుంది, తీగ శక్తినంతా పెట్టె ఒక్క గుక్కలో తాగేస్తుంది. నేను దాన్ని నా వేళ్ల లోపం అనుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి పలక మీద అక్కడా ఇక్కడా మైనం ముద్ద అతికించి చూశాను. గుర్రానికి నాలుగు వేళ్ల ఎడంలో ఒకచోట అరుపు బాగా తగ్గింది. బరువు పెరిగితే పెట్టె స్వరం కిందికి దిగుతుంది కాబట్టి, అది మధ్యమాన్ని వదిలి రెండు స్వరాల మధ్య ఎక్కడో ఎవరికీ అవసరంలేని చోట కూర్చుంది. పెద్ద రంధ్రంలోంచి చేయి పట్టదు. వంచిన సైకిల్ పుల్లతో రూపాయి బిళ్లకు మైనం అంటించి లోపలికి తీసుకెళ్లి అక్కడ నొక్కాను. మూడు ప్రయత్నాల్లో రెండు బిళ్లలు లోపల పడిపోయాయి. ఒకటి ఇప్పటికీ బయటికి రాలేదు, వాద్యం ఎత్తినప్పుడల్లా గలగలమంటుంది.

ఖర్చు కూడితే ట్రాలీ బాడుగతో కలిపి 2,900 అయింది. అందులో విరిగిన రంపం 450.

అమ్మకు దీని పేరు తలుపే. "సాయంత్రం ఆ తలుపు తీయవేమిరా?" అంటుంది, వాయించమని అర్థం. వడ్రంగి మావయ్య వచ్చినప్పుడు మాత్రం వాయించమని అడగరు. పై పలక అతుకు ఉన్నచోట బొటనవేలు పెట్టి నిలువునా ఒకసారి నిమురుతారు, గీత తెరుచుకుందేమోనని.

ఈ వారం వాయుగుండం. గాలిలో తేమకు చెక్క ఉబ్బి శృతి ఎక్కింది, మూడో అనునాద తీగ జుమ్మనడం మానేసి బుస్సుమంటోంది. నిపుల్ తాళం కోసం వెతుకుతున్నాను. మొన్న మేనల్లుడు సైకిల్ బాగుచేస్తానని పట్టుకెళ్లాడు.